సున్నా పాయింట్ ఎనిమిది

పోయినవారం మనం భూతద్దాన్ని ఆస్పత్రి ల్యాబ్‌లో, పాత రిజిస్టర్ల గుట్ట మధ్య, నేలమీద కూర్చోబెట్టి వదిలేశాం. ఆమె నెత్తిమీద వేలాడుతున్న కత్తి గుర్తుంది కదా? ఏడు నెలల కింద ఇదే ల్యాబ్‌లో "అంతా నార్మల్" అన్న రిపోర్టు జేబులో పెట్టుకుని హుషారుగా ఇంటికెళ్ళిన బస్సు డ్రైవరుకి, మొన్న వేరే ఊళ్ళో పరీక్ష చేస్తే కిడ్నీలు సగానికి పైగా దెబ్బతిన్నాయని తేలింది. ఆయన వెనకే ఇంకో ఇద్దరు వచ్చారు. మూడు రిపోర్టుల కిందా ఒక్కటే సంతకం. అది భూతద్దానిది. సాయంత్రం నాలుగింటికి విచారణ. ఆలోగా తప్పు ఎక్కడ జరిగిందో ఆమె చూపించాలి. చూపించలేకపోతే "టెక్నీషియన్ అజాగ్రత్త" అని రెండు ముక్కలు రాసి ఫైలు మూసేస్తారు. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. ఆ ముగ్గురిలాంటి వాళ్ళు ఊళ్ళో ఇంకెందరున్నారో వెతికే దిక్కు లేకుండా పోవడం ఇంకో ఎత్తు.

ఇప్పుడు టైము పదకొండున్నర.

గాజుపలక మీద దుమ్ముకణం కనబడినా "ఇదెవరు, ఇక్కడికెందుకొచ్చింది" అని నిలదీసే మనిషి కాబట్టే ఆమెకి భూతద్దం అన్న బిరుదు తగిలింది. అలాంటిది నిన్నటినుంచీ ఆ మూడు రిపోర్టులనూ తిరగేసి బోర్లేసి చూసినా ఒక్క తప్పూ దొరకలేదు. గొట్టాల మీద చీటీలు సరిగ్గానే ఉన్నాయి. తేదీలు సరిపోయాయి. పరీక్షకు వాడే ద్రావణాల గడువు దాటలేదు.

"రోగుల కాగితాల్లో ఏం లేదు" అనుకుంది పైకే. "మరి రోగం లేనివాళ్ళవి చూస్తే?"

అనుకున్నాక తనకే నవ్వొచ్చింది. దొంగ దొరకలేదని దొంగతనం జరగని ఇళ్ళు సోదా చేసినట్టుంది. అయినా చెయ్యి ఊరుకోలేదు. పోయిన నెల ఆస్పత్రి సిబ్బందికి చేసిన పరీక్షల రిజిస్టరు లాగింది.

ఆమె చూడాల్సింది ఒకే ఒక్క అంకె. కిడ్నీలు వడపోసి బయటికి పంపాల్సిన చెత్తలో క్రియాటినిన్ అని ఒకటుంటుంది. అది రక్తంలో ఎంత మిగిలిపోయిందో చెప్పే అంకె అన్నమాట. పెద్దవాళ్ళకి సున్నా పాయింట్ ఏడు నుంచి ఒకటీ పాయింట్ రెండు దాకా ఉంటే భయం లేదు. పెరిగితే కిడ్నీలు మొరాయిస్తున్నట్టు.

మొదటి పేజీలో నాలుగో వరుస ఆక్సిజన్ సిలిండర్లు మోసే మనిషిది. చెరో చేత్తో ఒక సిలిండరు ఎత్తి, ఈల వేసుకుంటూ మెట్లెక్కే మనిషి. అతని అంకె 0.5.

భూతద్దం కళ్ళు చిట్లించింది. ఒంట్లో కండ ఎంతుంటే ఆ అంకె అంతుంటుంది. ఆ బండరాయిలాంటి మనిషికి సున్నా పాయింట్ ఐదా? అది పలకా బలపం పట్టుకుని బడికెళ్ళే పిల్లల అంకె!

కింద వంటమనిషి: 0.4. రాత్రి కాపలా ఆయన, ఆరడుగుల మీసాల పెద్దమనిషి: 0.5. ఆమె పైకి లేచి, ఐదేళ్ళ కిందటి రిజిస్టరు అటకమీంచి లాగింది. దుమ్ము కళ్ళలో పడినా తుడుచుకోలేదు. అదే సిలిండర్ల మనిషి: 0.9. వంటమనిషి: 0.7. కాపలా ఆయన: 0.9.

అంటే ఐదేళ్ళలో ఊరు ఊరంతా పసిపిల్లల కిడ్నీలు తెచ్చి పెట్టించుకుందన్నమాట!

ఎక్కువొస్తే అందరూ ఉలిక్కిపడతారు. తక్కువొస్తే ఎవరికి కావాలి? "చాలా బావుంది" అని భుజం తట్టి పంపేస్తారు. తప్పు ఆ ముగ్గురి రిపోర్టుల్లో లేదు. అందరి రిపోర్టుల్లోనూ ఉంది. మిషన్ అందరికీ తగ్గించి చెబుతోంది. ఆరోగ్యంగా ఉన్నవాడికి 0.9ని 0.5 అంటోంది. జబ్బు మొదలైనవాడికి 1.9ని 1.1 అంటోంది. వాడు "నార్మల్" అనుకుని సంతోషంగా బస్సెక్కి పోతున్నాడు!

ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తింది. కింది అరలో, "చెడిపోయినవి, వెనక్కి పంపాలి" అని రాసిన అట్టపెట్టె ఉంది. లోపల నాలుగు సీసాలు, సీలు కూడా తియ్యనివి. మిషన్ నిజం చెబుతోందో లేదో పరీక్షించడానికి దాన్ని తయారుచేసేవాళ్ళు పంపే సీసాలవి. అసలు జవాబు ముందే సీసా మీద ముద్రించి ఉంటుంది. వీటి మీద 2.1 అని ఉంది. గడువు ఇంకా ఏడాది ఉంది. ఒకదాని సీలు తీసి, లోపలి పొడిలో శుద్ధమైన నీళ్ళు కొలిచి కలిపి, నురగ రాకుండా మెల్లగా తిప్పి, కరిగేదాకా చూసి మిషన్‌లో పెట్టింది. తొంభై సెకన్లు.

తెర మీద వెలిగింది: 1.2.

"దొరికావు!" అంది భూతద్దం మిషన్‌తో.

సరిగ్గా అప్పుడే వెనక తలుపు తోసుకుని పెద్దమ్మ వచ్చింది.

పెద్దమ్మ అంటే ల్యాబ్ ఇన్‌చార్జి. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ల్యాబ్ మొత్తానికీ ఆమె పెద్దమ్మే గానీ, భూతద్దానికి మాత్రం అసలు సిసలు పెద్దమ్మ. తల్లి పోయిన ఎనిమిదేళ్ళ పిల్లని చంకనేసుకొచ్చి పెంచి, చదివించి, చివరికి తన స్టూలు పక్కనే ఇంకో స్టూలు వేసి పని నేర్పింది. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి, ఒక చేత్తో గోడ పట్టుకుని కుంటుతూ నడుస్తోంది. రెండో చేతిలో ఆస్పత్రి మందుల కిటికీలో తెచ్చుకున్న పొట్లం ఉంది.

"ఏమే, నేలమీద ఈ సంత ఏమిటి? కుర్చీలు కరుస్తున్నాయా?"

"పెద్దమ్మా, ఈ సీసాలెందుకు వెనక్కి పంపుతున్నావు?"

"చెడిపోయాయి కనక."

"చెడిపోయాయని ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్తారు, మిషనే చెప్పింది. ఇదే రకం సీసా ఒకటి కలిపి పెట్టాను. రెండూ పాయింట్ ఒకటి రావాలి, ఒకటిన్నర కూడా రాలేదు. మూడేళ్ళుగా ఇదే తంతు. ప్రతిసారీ చెడిపోయిన సరుకే పంపిస్తున్నారు వెధవలు."

"మరి మిషనే తప్పేమో అనుకోలేదా?"

పెద్దమ్మకి చర్రుమంది. "నాకు పాఠం చెప్తున్నావా? మిషన్ సరిగ్గా ఉందని తేలాకే కదే సీసా పెట్టేది! ఆ పొద్దున నా గొట్టం పెట్టాను. సున్నా పాయింట్ ఎనిమిది. గీత గీసినట్టొచ్చింది. ఎండలో నాలుగు రోజులు లారీలో మగ్గి వచ్చిన సీసా మాట నమ్మాలా, నా ఒంట్లో నెత్తురు మాట నమ్మాలా?"

ఇది ఆ ల్యాబ్ అలవాటు. ఎప్పుడో ఒకసారి పరీక్ష సీసాలు నెలల తరబడి రాకపోతే పెద్దమ్మ తన రక్తమే తీసి మిషన్‌కి పరీక్ష పెట్టింది. ఆమె కిడ్నీ అంకె ఎప్పుడు చూసినా సున్నా పాయింట్ ఎనిమిదే. అప్పటినుంచీ సోమవారం, గురువారం పొద్దున్నే తొలి గొట్టం ఆమెది. ఎనిమిది వస్తే మిషన్ మంచిది. తొమ్మిది వస్తే మిషన్ కాస్త ఎక్కువ చెబుతున్నట్టు. ఆ రోజు గుణకం కొంచెం తగ్గించి మళ్ళీ ఎనిమిదికి తెచ్చేవాళ్ళు. మిషన్ రక్తంలో చూసిన రంగుని ఆ గుణకంతో హెచ్చవేసే అంకె చెబుతుంది మరి. "పెద్దమ్మ బోణీ అయిందా?" అని అందరూ నవ్వుకునేవాళ్ళు. సవరించిన గుణకాన్ని తేదీ వేసి ఆకుపచ్చ అట్ట పుస్తకంలో రాసేవాళ్ళు. అందులో సగం గురువారాలు భూతద్దం దస్తూరీలోనే ఉన్నాయి.

ఆమె ఆ పుస్తకం తెరిచింది. ఐదేళ్ళ కింద 2.10. మరుసటి వారం 2.10. తర్వాత 2.08, మళ్ళీ 2.10. చివరి పేజీకి తిప్పింది. ఇవాళ పొద్దున, గురువారం: 1.20.

"ఇంత తగ్గిందేం పెద్దమ్మా?"

"మిషన్ ముసలిదయింది. లోపల దీపం పోతోంది."

"దీపం పోయినేడు కొత్తది వేశారు. ఆ వారం కూడా తగ్గుతూనే ఉంది."

"అయితే ఇంకేదో పోయింది. వయసు మీద పడితే ఏదో ఒకటి పోతుంది. నా మోకాళ్ళు పోలేదూ?" అంటూ స్టూలు మీద కూలబడి, పొట్లం విప్పి, తెల్లటి మాత్ర ఒకటి గుటుక్కున మింగింది.

భూతద్దం మళ్ళీ పుస్తకం వైపు చూసింది. ఆలోచన ఒక్కో మెట్టూ దిగుతోంది. ఆపాలనుంది, ఆగడం లేదు. మిషన్ మంచిదే. మంచి మిషన్ని కూర్చోబెట్టి అబద్ధం నేర్పింది మనమే. ఎందుకు నేర్పాం? పెద్దమ్మ అంకె ఎనిమిదికి రావాలని. అది ఎనిమిదికి రావడానికి ప్రతివారం ఎందుకు తగ్గించాల్సి వచ్చింది?

మాట్లాడకుండా గుణకం 2.10కి మార్చింది. ముందు సీసా పెట్టింది.

2.1.

సీసా మీద ఏముందో, తెర మీదా అదే. చుక్క తేడా లేదు.

తర్వాత ర్యాకులో మొదటి గుంటలో ఉన్న గొట్టం తీసింది. పొద్దున తనే తీసిన రక్తం. పెద్దమ్మ చూస్తూనే ఉంది. మిషన్ గుర్రుమంది. తొంభై సెకన్లు. ఈసారి ఆ తొంభై సెకన్లూ గోడ గడియారం నడిచినట్టు లేదు, ఈడ్చుకుంటూ పోయినట్టుంది.

1.4.

పెద్దమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. వంగి చూసింది. జోడు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూసింది.

"సీసా చెడిపోలేదు పెద్దమ్మా."

"మిషనో?"

"మిషనూ చెడిపోలేదు."

"అయితే చెడిపోయింది..." అని ఆగింది పెద్దమ్మ. ఇరవై రెండేళ్ళుగా ఊరందరి అంకెలూ చదివిన మనిషికి ఈ అంకె చదవడానికి ఇంకొకరి సాయం అక్కర్లేదు. "నేనా?"

భూతద్దం ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. గొంతు తగ్గించి అంది: "నాలుగింటికి మిషన్ పాడైందని చెప్తాను. గుణకం సంగతి ఎత్తను. నీ పేరు రానివ్వను. పింఛనుకి ఎనిమిది నెలలుంది నీకు. నా సంగతి..."

"నోర్ముయ్."

అది పెద్దమ్మ పాత గొంతు. చిన్నప్పుడు తప్పు లెక్క చూసి ఎక్కాల పుస్తకం విసిరికొట్టిన గొంతు.

"ఈ ల్యాబ్ గడప దాటి తెలిసి తెలిసి ఒక్క తప్పుడు అంకె పోలేదు. మూడేళ్ళు తెలియక పోయాయి, సరే. ఇవాళ తెలిసి నీ నోట్లోంచి పోతుందా? లే. ఆ పుస్తకం పట్టుకో. నా కర్ర ఎక్కడ పెట్టావు?"

*

సూపరింటెండెంట్ గది కింది అంతస్తులోనే. ఆయన మెట్లెక్కడం మానేసి చాలాకాలమైంది. టేబులు వెనక కూర్చుని మోకాలు రాసుకుంటూ గడియారం చూశారు. విచారణ సంఘంలో ముగ్గురుండాలి. మూడో ఆయన కడుపునొప్పని సెలవు పెట్టి తప్పించుకున్నాడు. మిగిలింది కిడ్నీ డాక్టరు. ఈ ఆస్పత్రికి వచ్చి మూడు నెలలే. కుర్చీలో కుదురుగా కూర్చోలేడు. నిలబడే మాట్లాడతాడు, నడుస్తూ వింటాడు. డ్రైవరుని పట్టుకొచ్చి ఈ గొడవంతా లేపింది ఆయనే.

"త్వరగా కానిద్దాం" అన్నారు సూపరింటెండెంట్. "అమ్మాయ్, నీ జవాబు?"

భూతద్దం నోరు తెరిచేలోపు పెద్దమ్మ కర్ర టకటకలాడించుకుంటూ ముందుకొచ్చి, ఎదురుకుర్చీలో కూర్చుంది.

"జవాబు దానిది కాదు సార్, నాది. ఈ ఆస్పత్రిలో కిడ్నీ అంకె మూడేళ్ళుగా తప్పు. కారణం నేను."

ఉన్నదున్నట్టు చెప్పింది. తొలి గొట్టం, ఎనిమిది, గుణకం, వెనక్కి పంపిన సీసాలు. ఎక్కడా గొంతు వణకలేదు. చివర్లో మాత్రం "నా ఒంటిని తూకంరాయి అనుకున్నాను సార్. రాయి బరువు మారుతోందని తెలుసుకోలేకపోయాను" అని తల దించుకుంది.

సూపరింటెండెంట్ నుదురు పట్టుకున్నారు. "మూడేళ్ళా! ఎన్ని వేల రిపోర్టులు! అందరినీ పిలిచి మళ్ళీ రక్తం తియ్యాలంటే ఎన్నాళ్ళు పడుతుంది? ఊరంతా ఆస్పత్రి మీదికొస్తుంది. వద్దమ్మా. మిషన్ పాడైంది, కొత్తది తెప్పించాం అని రాద్దాం. ఫైలు మూసేద్దాం."

"మూసేస్తే చచ్చిపోతారు సార్!" అన్నాడు డాక్టరు నడక ఆపి. "ఈ జబ్బు నొప్పి పెట్టదు, కేకెయ్యదు. తెలిసేసరికి అంతా అయిపోతుంది. అంకె ఒక్కటే దానికి గొంతు. ఒకటిన్నర దగ్గర దొరికితే మనిషిని ఇరవై ఏళ్ళు నిలబెట్టొచ్చు, తిండి మార్చి, బీపీ అదుపులో పెట్టి. ఆరు దగ్గర దొరికితే డయాలిసిస్ మిషన్ పక్కన మంచం వెయ్యడమే. ఆ మధ్యలో ఉన్నవాళ్ళెవరో వెతకాలి. కానీ ఎలా? ఏ ఇంటికని వెళ్తాం?"

"ఇంటింటికీ వెళ్ళక్కర్లేదు" అంది భూతద్దం.

అంతవరకూ ఆమె ఎవరి మాటా వినడం లేదు. ఆకుపచ్చ పుస్తకం ఒళ్ళో తెరుచుకుని, డ్రైవరు రిపోర్టు వెనక పెన్సిలుతో ఏదో గీకుతోంది. ఇప్పుడు తలెత్తింది. కళ్ళు వెలిగిపోతున్నాయి.

"మిషన్ చెప్పిన అబద్ధం ఎంతో పెద్దమ్మ ప్రతివారం రాసిపెట్టింది సార్! రెండు దశాంశాలతో సహా. డ్రైవరు గారి రిపోర్టు ఒకటీ పాయింట్ ఒకటి. ఆ రోజు గుణకం ఒకటీ పాయింట్ మూడు రెండు. అసలు ఉండాల్సింది రెండూ పాయింట్ ఒకటి. హెచ్చవేసి భాగిస్తే ఒకటీ పాయింట్ ఏడు ఐదు. కొత్తగా రక్తం తియ్యకుండానే చెప్పొచ్చు, ఆ రోజు ఆయన అసలు అంకె ఎంతో!"

డాక్టరు ఒక్క ఉదుటున టేబులు మీది ఫైలు లాక్కుని కాగితాలు చెల్లాచెదురు చేశాడు. "నిన్న... నిన్న డ్రైవరు ఏదో తెచ్చిచ్చాడు. బస్సు కంపెనీ వాళ్ళు చేయించిన పరీక్ష. ఆఫీసులో బీరువాలో పడి ఉందట, ఎవరూ చూడలేదట. తేదీ... మన రిపోర్టుకి ఎనిమిది రోజుల తర్వాత." కాగితం దొరికింది. దాన్ని వెలుతురుకి పట్టుకున్నాడు. "చదువమ్మా. నేను చదివితే నమ్మబుద్ధి కాదు."

భూతద్దం చదివింది. "ఒకటీ పాయింట్ ఎనిమిది."

"సరిపోయింది!" డాక్టరు టేబులు మీద గుద్దిన గుద్దుకి మంచినీళ్ళ గ్లాసు ఎగిరిపడింది. "లెక్క సరిపోయింది! మేడమ్, మీరు చేసిన తప్పుని మీరే ఇంత బుద్ధిగా రాసిపెట్టారా? ఈ దేవాంతకపు పని ఇంకెవరికైనా చేతనవుతుందా?"

"రాయకపోతే దీన్ని తిట్టేదాన్ని" అంది పెద్దమ్మ సొంత బిడ్డలా పెంచిన చెల్లెలి కూతుర్ని చూపిస్తూ. "మరి నేను రాయనా?"

ఇక ఆ గది విచారణ గదిలా లేదు, పరీక్ష ముందురోజు హాస్టల్ గదిలా ఉంది. పెద్దమ్మ రిపోర్టులు చదువుతోంది, భూతద్దం లెక్క కడుతోంది, డాక్టరు పేర్లు రాస్తున్నాడు. మిల్లులో దారం చుట్టే ఆవిడ, 0.9 అనుకున్నది 1.5. బడి ముందు పుస్తకాలమ్మే ఆయన, 1.0 అనుకున్నది 1.6. "వీళ్ళు బతికిపోయారు, ఇంకా మొదట్లోనే ఉన్నారు, రేపే పిలుద్దాం!" అని పేరు పేరుకీ డాక్టరు ఎగురుతున్నాడు. సూపరింటెండెంట్ మొదట గొణిగారు, తర్వాత ఊరుకున్నారు, ఆ తర్వాత తనే ఇంకో కట్ట అందించారు. అరగంటలో ఒక్క ఈ ఏడాది కాగితాలకే డెబ్బై మూడు మంది తేలారు. ఏ బాధా లేకుండా తిరుగుతున్నవాళ్ళు. ఇంకా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగగలిగినవాళ్ళు.

"మీది కూడా చూద్దాం మేడమ్" అన్నాడు డాక్టరు, ఆకుపచ్చ పుస్తకం తన ముందుకి లాక్కుని. "నిజానికి ఇది మిషన్ పుస్తకం కాదు. మీ కిడ్నీల డైరీ. వారానికి రెండుసార్లు, ఐదేళ్ళు. ఏ డాక్టరుకీ ఇలాంటిది దొరకదు."

కాగితం మీద చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. ఏడాది, ఏడాదిన్నర, రెండేళ్ళు. చుక్కలన్నీ ఒకే వరుస, నూలు పట్టినట్టు. అంతలో పెన్సిలు ఆగింది. వెనక్కొచ్చి మళ్ళీ లెక్కపెట్టాడు. ఒకచోట గీత విరిగినట్టు వంగి, అక్కడినుంచి ఆగకుండా జారుతూనే ఉంది.

"ఇది వయసు కాదు" అన్నాడు. మొదటిసారి అతను కుర్చీలో కూర్చున్నాడు. "వయసు ఇలా ఒక వారం చూసుకుని రాదు. మూడేళ్ళ కింద, ఈ సోమవారం దగ్గర, మీకేదో మొదలైంది మేడమ్. బాగా గుర్తుతెచ్చుకోండి. ఏం మారింది? తిండా? నీళ్ళా?"

"ఏం మారుతుంది నా మొహం. అదే ఇల్లు, అదే స్టూలు, అదే..." పెద్దమ్మ ఆగింది. చెయ్యి తనకి తెలియకుండానే మోకాలి మీదికి పోయింది. "ఆ నెలే మందుల కిటికీలో కొత్త నొప్పి మాత్ర వచ్చింది. పాత దానికన్నా బాగా పనిచేస్తుందని అందరం ఎగబడ్డాం. అప్పటినుంచీ రోజుకి రెండు."

"అందరం అంటే?"

పెద్దమ్మ పేర్ల జాబితా తనవైపు తిప్పుకుంది. ఒక్కో పేరు మీదా వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది. "డ్రైవరు, నడుంనొప్పి. మిల్లు ఆవిడ, భుజం. పుస్తకాలాయన... ఈయన ప్రతి బుధవారం వరుసలో నా ముందే నిలబడతాడు." వేలు ఆగింది. "వీళ్ళు నాకు తెలుసు. వీళ్ళంతా నా వరుసలో వాళ్ళే."

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పొట్లం తీసి టేబులు మధ్యలో పెట్టింది. రేకు మీద మాత్రలు తెల్లగా మెరిశాయి.

సూపరింటెండెంట్ లేచారు. ఎవరివైపూ చూడకుండా, ఒక కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి, తలుపు లోపలినుంచి గడియ పెట్టారు.

భూతద్దం జాబితాని గుండెకి అదుముకుని లేచి నిలబడింది. ఆ మందు కొన్నది ఎవరి సంతకంతో? ఫైలు మూసేద్దామన్నది ఎవరు? డాక్టరు కూడా అదే అనుకున్నట్టున్నాడు, పొట్లం మీద అరచెయ్యి వేశాడు.

సూపరింటెండెంట్ వెనక్కొచ్చి సొరుగు లాగారు. అందులోంచి ఒక రేకు తీసి పెద్దమ్మ రేకు పక్కన పెట్టారు. అవే మాత్రలు. సగం ఖాళీ.

"మూడేళ్ళుగా నేనూ వేసుకుంటున్నాను" అన్నారు. "పోయిన నెల నా రిపోర్టు ఒకటి అని వచ్చింది. ఆ వారం గుణకం ఎంతో చూసి చెప్పమ్మా."

భూతద్దం పుస్తకం తిప్పింది. ఒకటీ పాయింట్ రెండు ఐదు. రెండుసార్లు కట్టినా జవాబు మారలేదు. "ఒకటీ పాయింట్ ఏడు సార్."

ఆయన తల ఊపారు, అంతే. "అయితే ఇంకో మాట కూడా మీకు తెలియాలి. బయట వినేవాళ్ళున్నారని గడియ పెట్టాను. మధ్యాహ్నం మందుల కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. ఈ మాత్రలు ఉన్నవన్నీ వెనక్కి తీసుకుపోతారట. కారణం అడిగితే, ఏం లేదు సార్, పెట్టెల మీద చీటీలు తప్పు పడ్డాయి అన్నారు. నేను సరేనన్నాను. ఐదింటికి వ్యాన్ వస్తుంది."

డాక్టరు గడియారం చూశాడు. నాలుగూ యాభై ఆరు.

"అవి పోతే?" అంది భూతద్దం.

"పోతే మన దగ్గర మిగిలేది ఈ రెండు రేకులు" అన్నాడు డాక్టరు. " ఎవరైనా మనమే మార్చిపెట్టామంటారు. పరీక్షకి పంపడానికి సీలు తియ్యని పెట్టె ఒక్కటి కావాలి. ఒక్కటి చాలు."

కిటికీ అవతల, వెనక పెరట్లో, ఏదో పెద్ద బండి వెనక్కి నడుస్తున్న చప్పుడు. ఇనప షట్టరు పైకి లేచిన మోత. అట్టపెట్టె మీద అట్టపెట్టె పడుతున్న దబ్ దబ్.

భూతద్దం తలుపు వైపు దూకింది. కానీ అప్పటికే గడియ తీసి ఉంది. కర్ర టేబులుకి ఆనించి అలాగే ఉంది.

మోకాళ్ళనొప్పుల పెద్దమ్మ వరండాలో పరుగెడుతోంది.